పూల్ పార్లర్‌లో దుస్తుల నియమం ఉండాలా?

పట్టణాలలో ‘పూల్ పార్లర్’, ‘స్నూకర్ పార్లర్’ అన్న బోర్డులు మీరు చూసే ఉంటారు. లోపల పచ్చని బట్ట బిగించిన పెద్ద బల్ల, దాని మీద రంగురంగుల బంతులు, చేతిలో పొడవైన కర్రతో బల్ల మీదికి వంగిన కుర్రవాళ్లు కనిపిస్తారు. గంటకు ఇంత అనో, ఆటకు ఇంత అనో డబ్బు కట్టి ఎవరైనా ఆడవచ్చు. ఎవరైనా అన్నాను గాని, కొన్నిచోట్ల గుమ్మం దగ్గర మరో బోర్డు కూడా ఉంటుంది. ‘లుంగీతో, చెప్పులతో లోపలికి రాకూడదు’ అనో, ‘మర్యాదైన దుస్తులు ధరించిన వారికే ప్రవేశం’ అనో దాని మీద రాసి ఉంటుంది. ఈ వ్యాసం ఆ రెండో బోర్డు గురించి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. బల్లను కాపాడుకోవడానికి యజమాని నియమాలు పెట్టుకోవచ్చు. వచ్చిన మనిషి ఏ తరగతి వాడో బట్టలు చూసి తేల్చే నియమం మాత్రం పెట్టకూడదు. ఎందుకు ఇలా అంటున్నానో చదివి, మీరు ఒప్పుకుంటారో లేదో ఆలోచించండి.

ఆట తెలియని వారి కోసం కొంచెం వివరం. పూల్‌లో అంకెలు వేసిన 15 బంతులు, ఒక తెల్ల బంతి ఉంటాయి. కర్ర కొనతో తెల్ల బంతిని కొట్టి, దాని దెబ్బతో మిగతా బంతులను బల్ల అంచులలో ఉన్న ఆరు సంచులలోకి పంపాలి. స్నూకర్ దీనికి అన్నలాంటిది. దాని బల్ల సుమారు 12 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు ఉంటుంది. బంతులు 22. మంచి బల్ల అయితే ఆ పచ్చ బట్ట కింద నునుపు చేసిన రాతిపలక ఉంటుంది. దాని మీద ఒక్క ముడత కూడా లేకుండా బట్టను లాగి బిగిస్తారు. ఆ బట్ట చిరిగినా, తడిసినా, నూనె మరక పడినా బంతి సరిగా దొర్లదు. బట్ట మార్చించడం యజమానికి చిన్న ఖర్చు కాదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, దీనితో మనకు మళ్లీ పని ఉంది.

స్నూకర్ పుట్టింది మన దేశంలోనే అంటే చాలామంది ఆశ్చర్యపోతారు. 1875లో జబల్‌పూర్‌లో, బ్రిటిష్ సైనికాధికారుల విడిదిలో, నెవిల్ చేంబర్లెయిన్ అనే యువ అధికారి బిలియర్డ్స్ బల్ల మీద మరికొన్ని రంగు బంతులు చేర్చి ఈ ఆటను కల్పించాడని చెబుతారు. తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన చేంబర్లెయిన్ వేరు, ఈయన వేరు. 1882లో ఊటీ క్లబ్బులో ఈ ఆట నియమాలను రాసి పెట్టారు. అంటే ఈ ఆట దొరల గదులలో పుట్టి దొరల గదులలోనే పెరిగింది. ఆ క్లబ్బులలో చాలావాటిలో భారతీయులకు సభ్యత్వం ఉండేది కాదు. పళ్లెం పట్టుకుని వడ్డించడానికో, పక్కన నిలబడి లెక్క రాసే మార్కరుగానో లోపలికి వెళ్లేవారు. బూటు, కోటు లేనిదే బల్ల దగ్గరకు రాకూడదన్న ఆలోచన ఆ గదులతో పాటే మనకు వచ్చింది.

ఆట అక్కడే ఆగిపోలేదు. 1958లో కలకత్తాలో విల్సన్ జోన్స్ ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ విజేత అయ్యాడు. వ్యక్తిగత క్రీడలో ప్రపంచ విజేత అయిన తొలి భారతీయుడుగా ఆయనను చెప్పుకుంటాం. 1984లో ఓం అగర్వాల్ స్నూకర్‌లో, 1985లో గీత్ సేఠీ బిలియర్డ్స్‌లో, 1994లో పాకిస్తాన్‌కు చెందిన మహమ్మద్ యూసుఫ్ స్నూకర్‌లో ప్రపంచ అమెచ్యూర్ విజేతలయ్యారు. పంకజ్ అద్వానీ గెలిచిన ప్రపంచ టైటిళ్లు లెక్కపెట్టడానికి రెండు చేతుల వేళ్లు చాలవు. క్రమంగా బల్లలు కూడా క్లబ్బు గోడలు దాటి బజారులోకి వచ్చాయి. కిరాణా కొట్టు మీది అంతస్తులో, సినిమా హాలు పక్క సందులో, ఇప్పుడైతే పెద్ద పెద్ద మాల్స్‌లో అవి కనిపిస్తున్నాయి. బల్ల బజారుకు వచ్చింది గాని, క్లబ్బు గుమ్మాన్ని కూడా వెంట తెచ్చుకుంది. మన చిక్కంతా ఇక్కడే ఉంది.

యజమానుల మాట కూడా వినాలి. వారు చెప్పేవి ఊరికే కొట్టిపారేసే మాటలు కావు. బల్ల మీది బట్ట పాడవుతుందన్నది మొదటిది. పార్లర్ అంటే పనీపాటా లేని వారి అడ్డా అన్న చెడ్డపేరు ఉంది, పందాలు కాస్తారని పోలీసులకు అనుమానం ఉంటుంది, కాబట్టి కొంచెం శుభ్రంగా కనిపించే వారిని రానిస్తే ఆ పేరు పోతుందన్నది రెండోది. ఆడపిల్లలు, కుటుంబాలు రావాలంటే వాతావరణం మర్యాదగా ఉండాలన్నది మూడోది. చివరికి, ఇది మా సొంత స్థలం, ఎవరిని రానివ్వాలో మా ఇష్టం అంటారు.

మొదటి మాటనే పట్టి చూద్దాం. బల్ల మీది బట్టకు నిజంగా హాని చేసేది ఏమిటి? ఆటగాడు బల్ల మీదికి వంగినప్పుడు నడుముకు ఉన్న బెల్టు బకిల్, చొక్కా జిప్పు, చేతి గడియారం, ఉంగరం బట్టకూ అంచు చెక్కకూ రాసుకుంటాయి. వాటి వల్ల గీతలు పడతాయి. లుంగీకి బకిల్ ఉండదు, జిప్పు ఉండదు. బల్ల క్షేమమే ముఖ్యమైతే, ఇనుప బకిల్ పెట్టిన జీన్స్ ప్యాంటు కంటే లుంగీయే నయం! ఈ మాట నవ్వులాటకు అనడం లేదు. ఆ బోర్డు రాసినప్పుడు యజమాని బల్లను చూసి రాయలేదని దీనితో తెలిసిపోతుంది.

చెప్పుల సంగతి? చెప్పు బల్లకు ఎలాగూ తగలదు. వానాకాలంలో తడి రబ్బరు చెప్పు నున్నటి గచ్చు మీద జారుతుంది, ఆ మాట నిజమే. బంతి కొట్టేటప్పుడు కనీసం ఒక పాదం నేల మీద ఉండాలని ఆట నియమమే చెబుతుంది కాబట్టి, ఆ పాదం జారకుండా ఉంటే మంచిదే. పూల్ బంతి ఒక్కొక్కటి సుమారు 160 గ్రాముల బరువు ఉంటుంది. అది కాలి వేళ్ల మీద పడితే నొప్పి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అందుకని ‘కాళ్లు తుడుచుకుని రండి’ అనవచ్చు, గుమ్మం దగ్గర గోనెపట్టా వేయవచ్చు. ‘బూట్లు ఉంటే మంచిది’ అని సలహా కూడా ఇవ్వవచ్చు. ‘చెప్పులవాళ్లు రావద్దు’ అనడానికి ఇందులో కారణం లేదు.

వదులుగా వేలాడే బట్టలు బంతులకు తగులుతాయి కదా అని కొందరంటారు. ఆ సంగతి ఆట ఎప్పుడో ఆలోచించింది. స్నూకర్‌లో చొక్కా చేయి గాని, కండువా గాని, చీర కొంగు గాని బంతికి తగిలితే తప్పు కింద లెక్క. ఎదుటివారికి కనీసం నాలుగు పాయింట్లు వస్తాయి. పూల్‌లో కూడా దుస్తులు బంతికి తగలడం తప్పే. అంటే, వదులు బట్టలు వేసుకున్నవాడికి శిక్ష బల్ల దగ్గరే, ఆటలోనే ఉంది. వాడే రెండుసార్లు ఓడి, మూడోసారి కొంగు బిగించుకుని వస్తాడు. దీనికి గుమ్మం దగ్గర కాపలా ఎందుకు?

టీవీలో చూపించే పెద్ద పోటీలలో ఆటగాళ్లు వెయిస్ట్ కోటు, మెడకు బో కట్టుకుని ఆడతారు కదా అని అడగవచ్చు. ఆ పోటీ వారికి ఉద్యోగం. బస్సు కండక్టరుకు ఖాకీ ఉన్నట్టే వారికి అది. కండక్టరు ఖాకీ వేసుకున్నాడని ప్రయాణికులు కూడా ఖాకీ వేసుకోవాలని ఎవరూ అనరు.

ఇక చెడ్డపేరు సంగతి. ఇక్కడ కొంచెం నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే తడబడతారు. పార్లర్‌లో గొడవలు జరిగేది పందాల వల్ల, తాగి రావడం వల్ల, ‘నా వంతు’ ‘నీ వంతు’ అన్న తగాదాల వల్ల. ఇవి ప్యాంటు వేసుకున్నవారికి రావా? ఇస్త్రీ చొక్కాలో ఉన్నవాడు పందెం కాయడా? దుస్తుల నియమం పెట్టిన తర్వాత గొడవలు తగ్గాయని ఎవరైనా యజమాని చెబితే, నేను ఆయనను ఒక్క ప్రశ్న అడుగుతాను: తగ్గినది గొడవలా, వచ్చే మనుషులా? ఆటో నడిపేవాడు రాత్రి బండి ఆపి ఒక గంట ఆడదామని వస్తాడు. మెకానిక్ షెడ్డు మూసి వస్తాడు. హోటలులో వడ్డించే కుర్రవాడు మధ్యాహ్నానికీ రాత్రికీ మధ్య దొరికిన రెండు గంటలలో వస్తాడు. ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకుని రావడానికి వీరికి వేళ ఎక్కడిది? కారులో వచ్చేవాడికి ఈ నియమం వల్ల పైసా నష్టం లేదు, ఎందుకంటే వాడు ఎలాగూ ఆ బట్టలలోనే ఉంటాడు. ఒకరికి ఏమీ కాకుండా, మరొకరికి సాయంత్రమంతా పోయే నియమం ఇద్దరికీ సమానం అంటే నేను ఒప్పుకోను.

మెకానిక్ చేతికి గ్రీజు ఉంటే? తప్పకుండా కడుక్కోవాలి. ఒక కుళాయి, ఒక సబ్బు, ఒక తువాలు పెడితే సరిపోతుంది. సమోసా తిని వచ్చిన కాలేజీ కుర్రవాడి చేతికి కూడా ఆ సబ్బే పనికొస్తుంది.

కొన్ని ఖరీదైన పార్లర్లలో నిక్కరు వేసుకుని వచ్చిన వారికి అడ్డు లేదు, లుంగీ మడిచి కట్టినవారికి మాత్రం అడ్డు. రెండింటిలోనూ కనిపించేవి మోకాళ్లే. ఒక మోకాలు నాగరికం, మరో మోకాలు అనాగరికం ఎలా అయిందో ఆ నియమం పెట్టినవారే చెప్పాలి.

ఆడవారి విషయం నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. పార్లర్‌లోకి ఒక అమ్మాయి వెళ్లడానికి వెనుకాడితే, అందుకు కారణం అక్కడ ఎవరో లుంగీ కట్టుకున్నారని కాదు. బల్ల మీదికి వంగినప్పుడు చూసే చూపులు, వెనుక నుంచి వినిపించే మాటలు, గది నిండా సిగరెట్టు పొగ, ఇవీ కారణాలు. బహిరంగ స్థలాలలో పొగ తాగడాన్ని నిషేధించే నియమాలు 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా అమలులో ఉన్నాయి. గుమ్మం దగ్గర చెప్పులు చూడడానికి మనిషిని పెట్టిన యజమాని, లోపల పొగను చూడడానికి కూడా ఒక మనిషిని పెట్టాడా? ఇంకో సంగతి కూడా ఉంది. ‘మర్యాదైన దుస్తులు’ అన్న మాట ఒకసారి బోర్డు ఎక్కితే, అది ఎక్కువ కాలం మగవారి లుంగీ దగ్గర ఆగదు. మరునాడు అమ్మాయి చొక్కా చేతుల పొడవు కొలుస్తుంది. ఎవరిని రప్పించడానికి నియమం పెట్టామన్నారో, వారినే అది నిలబెట్టి ప్రశ్నిస్తుంది.

‘మా స్థలం, మా ఇష్టం’ అన్న మాట మిగిలింది. మీ ఇంట్లో మీరు బిలియర్డ్స్ బల్ల పెట్టుకుంటే, ఎవరిని పిలవాలో మీ ఇష్టమే. డబ్బు తీసుకుని ప్రజలందరికీ తెరిచిన చోటు అలాంటిది కాదు. మన రాజ్యాంగంలోని 15వ అధికరణ రెండో భాగం ఈ సంగతి చెబుతుంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్న కారణాలతో ఏ పౌరుణ్ణీ దుకాణాలలోకి, భోజనశాలలలోకి, హోటళ్లలోకి, బహిరంగ వినోద స్థలాలలోకి రాకుండా అడ్డుకోకూడదు. పూల్ పార్లర్ వినోద స్థలమే కదా. అయితే జాగ్రత్తగా చూడండి, ఆ జాబితాలో దుస్తులు లేవు. కాబట్టి ‘నీ కులం వల్ల రావద్దు’ అంటే అది నేరుగా తప్పు. ‘నీ లుంగీ వల్ల రావద్దు’ అంటే, రాజ్యాంగంలోని ఆ ఒక్క వాక్యాన్నే చూపి దాన్ని ఆపడం తేలిక కాదు. కాని మన ఊళ్లలో మనిషి బట్టను చూసి అతని పని, ఆస్తి, ఒక్కోసారి కులం కూడా ఊహించేవారు ఎంతమంది లేరు? నోటితో అడగకూడని ప్రశ్నను కొందరు కంటితో అడుగుతారు.

ఈ విషయంలో మన దేశంలో జరిగిన కొన్ని సంఘటనలు తెలుసుకోవాలి. ప్రసిద్ధ చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ చెప్పులు లేకుండా తిరిగేవాడు. 1988లో బొంబాయిలోని విల్లింగ్డన్ క్లబ్బు ఆయనను ఆ కారణంతోనే లోపలికి రానివ్వలేదు. 2014 జూలైలో చెన్నైలో తమిళనాడు క్రికెట్ సంఘం క్లబ్బులో ఒక పుస్తకావిష్కరణ సభకు మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ డి. హరిపరంథామన్ పంచె కట్టుకుని వెళ్లారు. పంచె అని ఆయనను గుమ్మం దగ్గరే ఆపేశారు. దాని మీద పెద్ద గొడవ జరిగింది. ఆ ఆగస్టులోనే తమిళనాడు శాసనసభ ఒక చట్టం చేసింది. పంచె గాని, మరే భారతీయ సంప్రదాయ దుస్తులు గాని వేసుకున్నారని క్లబ్బులలోకీ ఇతర బహిరంగ స్థలాలలోకీ రాకుండా ఆపితే లైసెన్సు రద్దు చేయవచ్చు, ఏడాది వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించవచ్చు.

మంచి చట్టమే. కాని ఒక్క విషయం గమనించండి. పంచెకు ఈ అండ దొరకడానికి ఒక న్యాయమూర్తి గుమ్మం బయట నిలబడవలసి వచ్చింది. అంతకుముందు ఎంతమంది మామూలు మనుషులు అలాగే వెనుదిరిగి ఉంటారు! వారి కోసం ఏ శాసనసభా కూర్చోలేదు. పైగా సంప్రదాయ దుస్తులు అన్న మాటతో పట్టు పంచెకు దొరికిన గౌరవం, పనిచేసి మాసిన చొక్కాకు దొరకదు. మాసిన చొక్కా ఏ సంప్రదాయానికీ చెందదు, అది పనికి చెందినది.

2024లో బెంగుళూరులో ఇలాంటివి రెండు జరిగాయి. ఫిబ్రవరిలో మెట్రో రైలు స్టేషనులో ఒక రైతును బట్టలు మాసి ఉన్నాయని లోపలికి పోనివ్వలేదు. ఆయన దగ్గర టికెట్టు ఉంది. తోటి ప్రయాణికులు ఆయన పక్షాన నిలబడి వాదించారు. జూలైలో సినిమా చూడడానికి కొడుకుతో కలిసి వచ్చిన ఒక ముసలి రైతును పంచె కట్టుకున్నాడని మాల్ గుమ్మంలో ఆపేశారు. ఆ మాల్‌ను ఏడు రోజులు మూసివేయిస్తామని కర్ణాటక ప్రభుత్వం శాసనసభలోనే ప్రకటించింది. మెట్రో సంఘటనలో భద్రతా పర్యవేక్షకుణ్ణి ఉద్యోగం నుంచి తీసేశారు.

ఆ ఉద్యోగం పోయిన మనిషి గురించి కూడా ఆలోచించాలి. గుమ్మం దగ్గర నిలబడే కాపలాదారు సాధారణంగా తక్కువ జీతగాడు. డ్యూటీ దిగి ఇంటికి వెళితే ఆయన కట్టుకునేదీ లుంగీయే. ‘మర్యాదైన దుస్తులు’ అంటే ఏమిటో ఎవరూ ఆయనకు చెప్పరు. తన తండ్రిలా ఉన్న మనిషిని ఆపాలో వద్దో క్షణంలో తేల్చుకోమంటారు. పోనిస్తే యజమాని తిడతాడు. ఆపితే, సంగతి నలుగురికీ తెలిసిన రోజున మొదట పోయేది ఆయన ఉద్యోగమే. అర్థం తేలని మాటలతో నియమం రాసి, దాని బరువు కాపలాదారు భుజాన పెట్టడం నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపిస్తుంది.

అయితే ఏ నియమమూ వద్దా అంటే, కావాలి. ఒంటి మీద చొక్కా ఉండాలి అనవచ్చు; చెమట పట్టిన ఒట్టి ఒంటితో బల్ల మీద వంగితే బట్ట తడుస్తుంది, తర్వాత ఆడేవారికీ ఇబ్బంది. వానలో తడిసి వస్తే ఒళ్లు తుడుచుకున్నాకే బల్ల దగ్గరకు రమ్మనవచ్చు. బడి వేళలో యూనిఫారంతో వచ్చిన పిల్లవాణ్ణి వెనక్కి పంపితే కూడా నేను తప్పు పట్టను. అక్కడ యజమాని చూస్తున్నది గడియారాన్ని. ఈ నియమాలలో దేనికైనా ‘ఎందుకు?’ అని అడిగితే యజమాని బల్లనో, గచ్చునో, గడియారాన్నో చూపించి జవాబు చెప్పగలడు. లుంగీ ఎందుకు వద్దని అడిగితే మాత్రం, ‘బాగుండదు’ అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ చెప్పలేడు.

ఎప్పుడైనా మిమ్మల్ని ఇలా ఆపితే, గొంతు పెంచకుండా మూడు ప్రశ్నలు అడగండి. ఈ నియమం ఎక్కడ రాసి ఉంది? ఎవరు రాశారు? నా బట్టల వల్ల బల్లకు ఏమి నష్టం? కాపలాదారుతో వాదించి లాభం లేదు, యజమానిని పిలిపించమనండి. మీరే ఒక పార్లర్ నడుపుతున్నారనుకోండి, లేదా రేపు నడపబోతున్నారనుకోండి. అప్పుడు బోర్డు మీద ఇలా రాయించవచ్చు: ‘చేతులు కడుక్కుని ఆడండి. బకిల్, గడియారం బల్లకు తగలనివ్వకండి. పొగ తాగకండి. పందాలు కాయకండి. పక్కవారిని ఇబ్బంది పెట్టేవారిని బయటకు పంపుతాము.’ కింద మీ పేరు, సంతకం కూడా పెట్టండి.